పీఠము దిగిన పిదప

హైదరాబాదులో వెంగళరావు నగరు నుండి అమీరుపేట వైపునకు నడచినచో వీధికి ఇరుప్రక్కల శిక్షణాలయముల బోర్డులే కనబడును. కంప్యూటరు విద్యలు, లెక్కల విద్యలు, ఉద్యోగ పరీక్షలకు సన్నాహములు ఒక్కొక్క అంతస్తున ఒక్కొక్కటిగా నడచుచున్నవి. 1973 నుండి 1978 వరకు ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావు పేరు ధరించిన ఈ పేట పరిసరములలో, ఒక పని విడిచి మరియొక పని పట్టుకొనగోరువారి రాకపోకలు ఉదయము మొదలు రాత్రి వరకు సాగుచునే యుండును. కొంత దూరమున నున్న ఫిలింనగరు సంగతియు నంతే. ఊళ్లలో ఏదో వృత్తిలో నుండినవారు వేషమునకో, మాటలకో, పాటలకో అక్కడికి చేరుదురు. పని మార్చుకొనుట ఈ నగరమున వింత కాదు.

కాని ఈ బోర్డులలో దేనిమీదను కనబడని ప్రశ్న యొకటి కలదు. ఇరువది యేండ్లు గుడిలో అర్చన చేసినవాడు, చర్చిలో పాస్టరుగా నుండినవాడు, మఠము పక్షమున ప్రచారకుడై ఊరూరు తిరిగినవాడు ఒకనాడు ఆ పని విడువదలచినచో ఏమి చేయవలెను? గుమాస్తా కొలువు మార్చుకొన్నచో బంధువులు జీతమెంత యని అడుగుదురు. అర్చకుడు కొలువు మార్చుకొన్నచో దేవునిపై కోపమెందుకు వచ్చెనని అడుగుదురు. ఉన్న ఇల్లు దేవస్థానమువారిదో, సంఘమువారిదో అయి యుండును. పరిచయస్థులందరు ఆ వృత్తి వలన ఏర్పడినవారే. "పంతులుగారూ" అనియు, "అయ్యగారూ" అనియు ఊరివారు పిలుచు పిలుపు సైతము ఆ వృత్తితోడనే పోవును. ఇంటిని, కూటిని, పేరును ఒక్కసారిగా కదలించు మార్పు గనుకనే దీనికి ధైర్యముతో పాటు ముందుచూపు కావలెను.

ఇది ఒకరిద్దరి మనోవ్యథ మాత్రమే కాదు. 1987లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెచ్చిన దేవాదాయ ధర్మాదాయ చట్టము ఆలయములలో అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసెను. తిరుమల మిరాశీ పద్ధతియు దానితో ముగిసెను. 1996లో సర్వోన్నత న్యాయస్థానము ఆ రద్దు చెల్లునని తీర్పు చెప్పెను. 2007లో వచ్చిన సవరణ వలన అర్చక కుటుంబములకు కొంత ఊరట కలిగెను. నడుమ గడచిన ఇరువది యేండ్లలో, తాత తండ్రులు కొలిచిన గుడి తనకు దక్కునో దక్కదో తెలియని బాలుడు ఆగమము చదువవలెనా, ఆల్జీబ్రా చదువవలెనా యను ప్రశ్న ఎన్ని యిండ్లలో లేచి యుండునో ఊహింపవచ్చును. తాను కోరి విడిచినను, చట్టము విడిపించినను, పీఠము దిగినవానికి ఎదురగు చిక్కులు ఒక్కటియే.

ఆ చిక్కులను మూడుగా విభజింపవచ్చును. పదవితో వచ్చినదానిలో తిరిగి ఇచ్చివేయవలసినదేది? రేపటి కూడు ఎక్కడిది? పదవి పోయినను తనతో మిగులునదేది? తెలుగునాట పుట్టి ఈ మూడు ప్రశ్నలకును లోకమెల్ల చూచుచుండగా సమాధానము చెప్పినవాడు జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించెను. తండ్రి నారాయణయ్య ప్రభుత్వోద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణానంతరము 1909లో ఆయన పిల్లలతో మద్రాసులోని అడయారు చేరెను. అక్కడి సముద్రతీరమున ఆ బాలుని చూచిన లెడ్‌బీటరు, ఇతడు జగద్గురువునకు తగిన పాత్రమని ప్రకటించెను. 1911లో అతని కొరకే ఒక సంఘము వెలసెను. తూర్పున ఉదయించు తార దానికి పేరు, గురుతు. అనిబిసెంటు సంరక్షణలో నున్న ఆ బాలుడే దానికి అధిపతి. తండ్రి కొడుకులను తిరిగి కోరుచు న్యాయస్థానమునకు పోయి, మద్రాసు హైకోర్టులో గెలిచి, 1914లో లండను ప్రీవీ కౌన్సిలులో ఓడిపోయెను. అర్చకుని యింట పుట్టిన బిడ్డవలె కృష్ణమూర్తియు తన వృత్తిని ఎన్నుకొనలేదు. వృత్తియే అతనిని ఎన్నుకొన్నది.

ఆ పదవిలో అతడు పదునెనిమిది యేండ్లుండెను. వేలాది జనులు అతని పలుకునకు కాచుకొని యుండిరి. 1925 నవంబరులో కాలిఫోర్నియాలోని ఓహై యందు తమ్ముడు నిత్యానందుడు క్షయవ్యాధితో మరణించెను. ఆ సమయమున కృష్ణమూర్తి ఓడలో భారతదేశమునకు వచ్చుచుండెను. నిత్యానందునికి భయము లేదని పెద్దలు ఇచ్చిన హామీలు ఆ ఒక్క వార్తతో కూలిపోయినవి. అయినను అతడు మరునాడే పీఠము దిగలేదు. మరి నాలుగేండ్లు ఆలోచించెను, మాటలాడెను. గురువు పేరు పట్టుకొని వ్రేలాడుట వలన ప్రయోజనమేమి యను ప్రశ్న ఆ ప్రసంగములలో నానాటికి బలపడెను. చెవి యొగ్గినవారికి రాబోవు మార్పు ముందే వినబడెను. నాలుగేండ్ల ఆ వ్యవధిని జంకు అనుకొనరాదు. తనను నమ్మినవారికి ఇచ్చిన గడువుగా దానిని చూడవచ్చును.

1929 ఆగస్టు 3వ తేదీన హాలెండులోని ఓమెన్ శిబిరమున, ఎనుబది దాటిన అనిబిసెంటు ఎదుట, సుమారు మూడు వేలమంది సభ్యులు వినుచుండగా, అతడు ఆ సంఘమును రద్దు చేసెను. సత్యమునకు ఏ సంస్థయు బాట వేయజాలదనియు, తనకు శిష్యులు అక్కరలేదనియు ఆనాటి ప్రసంగ సారాంశము. పిమ్మట లెక్కలు తేల్చుట ఆరంభమాయెను. సంఘము కొరకు సమర్పింపబడిన ధనమును, ఆస్తులను దాతలకు త్రిప్పి పంపిరి. ఒక డచ్చి ప్రభువు ఇచ్చిన ఏర్డె కోటయు, దాని చుట్టునున్న భూమిలో అధిక భాగమును మరల ఆయనకే చేరెను. మొదటి ప్రశ్నకు కృష్ణమూర్తి చెప్పిన సమాధానమిది: పదవిని చూచి ఇచ్చినది పదవితోడనే పోవలెను.

రెండవ ప్రశ్న కూటిది. జీవితచరిత్రలు చదువువారు దీనిని తరచుగా దాటిపోవుదురు. డాడ్జి యను అమెరికా సంపన్నురాలు 1913 ప్రాంతముననే కృష్ణమూర్తికి ఏటేట అయిదు వందల పౌనుల భృతిని జీవితాంతము ఏర్పాటు చేసి యుండెను. అది సంఘమునకు గాక వ్యక్తికి ఇచ్చినది. అతడు కోటను విడువగలుగుటకు మనోబలము ముఖ్యకారణమే యైనను, ఆ చిన్న ఆధారము వెనుక నుండెనని మరువరాదు. త్యాగమును మెచ్చుకొనువారు త్యాగి వంటయింటిని గూర్చియు విచారింపవలెను. భార్యాబిడ్డలున్న అర్చకునికి, పాస్టరుకు అట్టి భృతి ఎవరును వ్రాసి ఇయ్యరు. దానిని అతడే ముందుగా కూడబెట్టుకొనవలెను.

మూడవది, తనతో మిగిలినది. కృష్ణమూర్తికి మిగిలినది వాక్కు. పీఠము మీద అలవడిన ఆ విద్యతో అతడు 1986లో మరణించు వరకు దేశదేశముల మాటలాడెను. విద్యను గూర్చి ఆలోచించెను. 1953లో విద్యా పరమార్థముపై ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. తాను పుట్టిన మదనపల్లె సమీపముననే ఋషివ్యాలీ పాఠశాల అతని భావములకు నిలయమాయెను. జగద్గురువు కావలసినవాడు తుదకు బడిపిల్లలతో చెట్ల క్రింద కూర్చుండి ప్రశ్నలడుగువాడాయెను. ఉపాధ్యాయులు గర్వింపదగిన మార్పిది.

కాని ఈ కథలో కన్నీరు లేకపోలేదు. ఎమిలీ లట్యెన్సు అను ఆంగ్ల స్త్రీ, ఇల్లును పిల్లలను వెనుకబెట్టి ఏండ్ల తరబడి ఆ సంఘమునకై శ్రమించెను. రద్దు తరువాత ఆమెకు కలిగిన శూన్యతను 1957లో వెలువడిన తన స్మృతులలో దాచకుండ వ్రాసికొన్నది. దిగినవానికి అది విముక్తి. నమ్మి వెంట నడచినవానికి అది అనాథత్వము. పీఠము దిగు ఎవరైనను ఈ ఋణమును గుర్తింపవలెను. కారణము చెప్పక ఒక రాత్రి మాయమగుట కంటె, ఎదుట నిలిచి చెప్పుట మేలు.

ముందు ఏర్పాటు లేనప్పుడు ఏమగునో తెలుపుటకు మరియొక తెలుగువాని జీవితము కలదు. ఆయనయు కృష్ణమూర్తియే, ఉప్పలూరి గోపాల కృష్ణమూర్తి. 1918లో మచిలీపట్నమున జన్మించి, గుడివాడలో తాతగారి యింట దివ్యజ్ఞాన వాతావరణమున పెరిగెను. ఆ సమాజపు ఉపన్యాసకుడై కొన్నియేండ్లు దేశవిదేశములు తిరిగి, 1953 ప్రాంతమున దానిని విడిచెను. 1955లో పోలియో సోకిన కుమారుని చికిత్సకై కుటుంబముతో అమెరికా వెళ్లెను. తాతగారి ఆస్తి కరగిపోయెను. సంసారము చెదరెను. లండను వీధులలో గమ్యము లేక తిరుగు స్థితి వచ్చెను. తుదకు జెనీవాలో వాలెంటీన్ అను స్విస్సు వనిత ఆదరించుటచే ఆయనకు నీడ దొరకెను. పిదప ఆయన మాటలకు లోకమున శ్రోతలు ఏర్పడిరి గాని, నడిమి యేండ్ల మూల్యము భార్యాబిడ్డలును చెల్లించిరి.

ఈ ఇరువురికి నడుమ మరియొక మార్గమును చూపినవాడు వెరియర్ ఎల్విన్. ఆయన తెలుగువాడు కాడు. ఆక్స్‌ఫర్డులో చదివి ఆంగ్లికన్ గురుపట్టము పొంది 1927లో పూనా వచ్చిన ఆంగ్లేయుడు. 1932లో మిత్రుడు శ్యామరావు హివాలేతో మధ్యపరగణాలలోని కరంజియా గ్రామము చేరి, గోండుల నడుమ గుడిసె వేసికొని బడి, వైద్యశాల నడపసాగెను. గురుపట్టమును విడిచినది ఆ తరువాత కొన్నియేండ్లకు. అనగా పాత యింటి తలుపు మూయుటకు ముందే కొత్త యింటి కప్పు వేసికొనెను. సేవ అదియే, పేరు మాత్రము మారెను. మతగురువు మానవశాస్త్రజ్ఞుడాయెను. 1954లో ఈశాన్య సరిహద్దు ప్రాంత గిరిజనుల విషయమున భారత ప్రభుత్వమునకు సలహాదారుడాయెను.

ఇంతటి ప్రసిద్ధులు కాని మనవారికి కూడ ఒక పాత బాట కలదు. విజయనగరపు సంస్కృత కళాశాల, కొవ్వూరి ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠము వంటి చోట్ల చదివి విద్వాన్, భాషాప్రవీణ పట్టములు పొందిన పురోహితుల బిడ్డలెందరో బడులలో తెలుగు పండితులైరి. పంచాంగము చూచిన కన్ను ఛందస్సును చూచెను. మంత్రము పలికిన కంఠము పద్యము పలికెను. గుంటూరులో లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు పనిచేసిన గుర్రం జాషువ ప్రచారకుడు కాకున్నను, మతసంస్థ నీడన బ్రదికినవాడే. ఆ కొలువు తీరిన పిదప 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడాయెను. ఆయనను నిలిపినది సంఘము ఇచ్చిన స్థానము కాదు, తాను సంపాదించుకొన్న భాష. ఈనాటి పాఠకులలో తమ గురువుల గురువులను తలచుకొన్నచో, అట్టివారు ఒకరైనను కనబడకపోరు.

కావున పీఠము దిగదలచినవాడు మొదట తన దగ్గర నున్న విద్యను పేరు పెట్టి వ్రాసికొనవలెను. వందలమంది ఎదుట తొట్రుపడక మాటలాడుట ఒక విద్య. చావు ఇంటిలో ఏమి పలుకవలెనో, ఏమి పలుకరాదో తెలియుట ఒక విద్య. ఉత్సవమును, దాని జమాఖర్చులను నడపుట ఒక విద్య. ఉద్యోగ దరఖాస్తులో ఈ విద్యలకు ప్రత్యేకమైన గడి లేదు. అయినను బడికి, ఆసుపత్రికి, సేవాసంస్థకు అవి కావలసినవే. లోటైనది సాధారణముగా ఒక ధ్రువపత్రము. దానిని కొలువులో నుండగనే, సెలవుదినములలో, సాయంకాలములలో సంపాదించుకొనవచ్చును. ఇల్లు తనది కానిచో మొదట ఇంటిని చూచుకొనవలెను. ఈ యోచనలన్నింటిని భార్యతో చెప్పుకొనవలెను. అటుపిమ్మట, నమ్మినవారి ఎదుట నిలిచి సెలవు పుచ్చుకొనవలెను.

అమీరుపేట మెట్ల మీద ఇరువది యేండ్ల కుర్రవాండ్ర నడుమ నలుబది దాటిన మనిషి యొకడు చేతిలో పుస్తకముతో కనబడినచో, అతడు ఓడిపోయి వచ్చినవాడని తలపరాదు. అతనికి పాఠము చెప్పు గురువు ఈ సంగతి గుర్తుంచుకొన్నచో చాలును. ఎదుట కూర్చున్నవాడు కొత్తగా నేర్చుకొనుటకు వచ్చినవాడే గాని, ఏమియు తెలియనివాడు కాడు.