పిండి లేని చేప వడలు

చేప వడలు చెయ్యాలంటే రొట్టె పొడో, మైదాపిండో కలపాలని చాలామంది అనుకుంటారు. కలపకపోతే పెనం మీద పొడిపొడిగా విడిపోతాయని వారి భయం. మరి, గోధుమ ముట్టగూడని స్నేహితుడు మీ ఇంటికి భోజనానికి వస్తే ఏం పెడతారు?

అటువంటివాళ్ళు కూడా ఉంటారా అని ఆశ్చర్యపడకండి. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంది. పూరీపిండి అంతగా సాగేది దానివల్లనే. సీలియాక్ అనే జబ్బు ఉన్నవారికి అది బొత్తిగా పడదు. చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది వంటబట్టదు. పిల్లలు సరిగా ఎదగరు. ఈ సంగతిని బయటపెట్టినవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికే. 1944–45 చలికాలంలో, యుద్ధం మూలంగా అక్కడ రొట్టె కరువైంది. జనమంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు! రొట్టె మళ్ళీ దొరకగానే జబ్బు తిరగబెట్టింది. గోధుమ మీద అంతకు ముందే అనుమానపడుతున్న డికే, తన పరిశోధనను 1950లో ప్రకటించాడు. బార్లీ, రై కూడా ఈ జబ్బుకు పడవు. బియ్యంలో గ్లూటెన్ లేదు గనుక అన్నం తినవచ్చు. అయినా మన వడలకు ఏ ధాన్యమూ అక్కరలేదు. ఎందుకంటే చేపలోనే జిగురు ఉంది.

చేప కండలో మయోసిన్ అనే మాంసకృత్తు పోగులు పోగులుగా ఉంటుంది. ఉప్పు వేసి పిసికితే అది కరిగి బయటికి వస్తుంది. వేడి తగలగానే వలలాగా గట్టిపడి, నీటిని తనలో పట్టి ఉంచుతుంది. జపానువాళ్ళు కమబొకో అనే చేప ముద్దలు చేసేది ఈ కిటుకుతోనే. చేపను ముందుగా ఉడకబెడితే మాత్రం లాభం లేదు. మయోసిన్ అప్పటికే గట్టిపడిపోయి ఉంటుంది. ఇక ఎంత పిసికినా అంటుకోదు. రొట్టె పొడి అవసరమయ్యేది అప్పుడే!

ముల్లు తక్కువగా ఉండే వంజరం తెప్పించండి. తోలు, ముళ్ళు తీసిన ముక్కలు 400 గ్రాములు కావాలి. కత్తిపని పెద్దవాళ్ళకు వదిలిపెట్టండి. సన్నగా తరిగిన చేపలో ఒక చిన్న చెంచాడు ఉప్పు వేసి, అయిదు నిమిషాలు ఒకే వైపుకు తిప్పుతూ పిసకండి. ముద్ద చేతికి అంటుకుంటుంటే పని అయినట్టే. చేప చల్లగా ఉండాలి సుమా, వెచ్చబడితే జిగురు పాడవుతుంది. ఇప్పుడు ఒక గుడ్డు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర కలిపి, తడిచేత్తో అరంగుళం మందాన వడలు తట్టండి. పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, పెనం మీద నూనె వేసి, మధ్యస్థమైన మంట మీద ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చాలి. లోపల అంతా తెల్లబడాలి.

నమ్మకం కలగకపోతే, మొదట్లోనే ఉప్పు వెయ్యని చేప కాస్త విడిగా తీసి, అదేవిధంగా పిసికి కాల్చి చూడండి. వేలితో నొక్కితే ఏది పొడి అవుతుందో తెలిసిపోతుంది.

నంజుకోవడానికి వెన్నలాంటి చిక్కని పులుసు కావాలి కదా? దానికీ పిండి అక్కరలేదు. పదిహేను జీడిపప్పులు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బండి. వెల్లుల్లి రెండు రెబ్బలు నూనెలో వేయించి, ఆ ముద్దనూ, ఒక గ్లాసు కొబ్బరిపాలనూ పోసి, సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. జీడిపప్పులోని పిండిపదార్థం వేడికి ఉబ్బి, పులుసు చిక్కబడుతుంది. తెర్లనిచ్చారో, కొబ్బరిపాలు విరిగిపోతాయి! నిమ్మరసం దించిన తరువాతే పిండాలి.

వచ్చే స్నేహితుడికి చేప, గుడ్డు, జీడిపప్పు పడతాయో లేదో ముందే అడగండి. పులుసులో ఇంగువ వేద్దామని అమ్మ అంటే, ఆ డబ్బా మీది అక్షరాలు చదివి చూడండి. కొట్లో అమ్మే ఇంగువపొడిలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. పూరీలు వేయించిన నూనె కూడా ఆ రోజు పనికిరాదు. పెనం, గరిటె బాగా తోమి, కొత్త నూనె పొయ్యండి.