అనుకున్నదేమిటి? అయినదేమిటి?

కలిసి పనిచేసేవారిలో ఎవరికైనా తాము నిలిచిన చోటి నుంచి కనిపించినంత మేరకే ఆ పని తెలుస్తుంది కనుక, జట్టు గడించిన అనుభవం దానంతటదే జట్టు జ్ఞానంగా మారదు. పని ముగిసిన వెంటనే అందరూ కూర్చుని, ముందే నిర్ణయించుకున్న ప్రశ్నల వరుసలో జరిగినదాన్ని విచారించుకునే పద్ధతికి 'చర్యానంతర సమీక్ష' అని పేరు.

1943 నవంబరులో పసిఫిక్ మహాసముద్రంలోని మేకిన్ దీవిపై అమెరికా సైన్యం పోరాడినప్పుడు, సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ పోరులో పాల్గొన్నవారిని హోదాల తేడా లేకుండా ఒకచోట చేర్చి ప్రశ్నించగా, ఒకరి మాట మరొకరి జ్ఞాపకాన్ని కదిలిస్తూ, సవరిస్తూ, విడిగా ఎవరి దగ్గరా లేని కథనాన్ని వెలికితీసింది. ఆయన తర్వాత ప్రకటించిన కొన్ని అంకెలను చరిత్రకారులు శంకించినా, ఆ పద్ధతి నిలిచింది. 1980ల నుంచి కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, ఫోర్ట్ ఇర్విన్ కేంద్రంలో, ఎవరి గురి ఎవరికి తగిలిందో లేజరు పరికరాలు పట్టి చెప్పే ఉత్తుత్తి యుద్ధం ముగిశాక, దళాలు నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటాయి: చేయదలచినదేమిటి, జరిగినదేమిటి, తేడా ఎందుకొచ్చింది, ఇకపై నిలుపుకోవలసినదీ మార్చుకోవలసినదీ ఏమిటి.

వీటిలో తేలికగా తోచే మొదటి ప్రశ్నే అసలు కీలకం. ఫలితం తెలిశాక అది మొదటినుంచీ తెలిసినట్టే అనిపించే స్వభావాన్ని 1975లో మనస్తత్వ పరిశోధకుడు బరూచ్ ఫిష్‌హాఫ్ ప్రయోగాలతో చూపాడు. ఈ 'వెనుకచూపు భ్రమ' వల్ల మనుషులు తమ తొలి అంచనానే మరచి, తప్పు జరిగినచోట కారణానికి బదులు దోషిని వెతుకుతారు.

ఎన్నికల్లో ఓడిన పార్టీ చేసుకునే సమీక్షను తెలుగు పత్రికలు 'పోస్టుమార్టం' అంటాయి. శవం ఉంటేనే పరీక్ష అన్న భావం ఆ మాటలోనే ఉంది. అయితే ఇజ్రాయెల్ సైనికుల దారి కనుగొనే శిక్షణపై పరిశోధకులు ఎలిస్, డేవిడీ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, వైఫల్యాలను మాత్రమే చర్చించినవారి కంటే విజయాలనూ కలిపి చర్చించినవారే ఎక్కువ మెరుగుపడ్డారు. పలు పరిశోధనల ఫలితాలను గుదిగుచ్చి టానెన్‌బామ్, సెరాసోలీ 2013లో చేసిన విశ్లేషణ, సక్రమంగా జరిపిన సమీక్షల వల్ల పనితీరు సగటున 20 నుంచి 25 శాతం పెరుగుతుందని తేల్చింది.

పై అధికారి ముందు పొరపాటును ఒప్పుకునే ధైర్యం లేనిచోట మాత్రం ప్రశ్నలు ఎంత చక్కగా ఉన్నా నోళ్లు పెగలవు. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన ఎమీ ఎడ్మండ్‌సన్‌కు, మంచి నాయకత్వం ఉన్న నర్సుల బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి; వారు దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె 1996లో వివరించింది. అంకెలను మాత్రమే చూసే అధికారికి ఆ బృందాలే అన్నిటికన్నా అధ్వానంగా తోస్తాయి.