బిట్‌కాయిన్ నాణెం కాదు, లెక్కల పుస్తకం: పేరు, గుర్తు, ముక్క వెనక ఏముంది?

"ఒక్క కాయిన్ అర్ధరూపాయే. రేపు వంద రూపాయలైతే నువ్వే లెక్కేసుకో." హాస్టల్ గదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంటుంది. స్కాలర్‌షిప్ డబ్బులు, ఇంట్లో వాళ్లు కూలి చేసి దాచిన డబ్బులు ఇలాంటి మాటల మీద పోతున్నాయి. అందుకే క్రిప్టోకరెన్సీ పేర్లు, గుర్తులు, కొలతలు ఎలా వచ్చాయో మనం తెలుసుకోవాలి.

పేరులో కాయిన్, చేతిలో ఏమీ లేదు

2008 అక్టోబర్ 31న సతోషీ నకమోటో అనే మారుపేరుతో ఒక పత్రం ఇంటర్నెట్‌లో వచ్చింది. 2009 జనవరిలో బిట్‌కాయిన్ నడక మొదలైంది. 'కాయిన్' అన్నా అది నాణెం కాదు. ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు ఎంత వెళ్లిందో రాసిపెట్టే లెక్కల పుస్తకం. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. ఆ పుస్తకం నకలు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటుంది. ఒకరు రహస్యంగా దిద్దితే మిగతా నకళ్లు ఒప్పుకోవు.

ఈ ఆలోచన మనవాళ్లను ఎందుకు ఆకర్షిస్తుందో అర్థం చేసుకోవచ్చు. అప్పు పుస్తకం దొర దగ్గర ఉండి, వేలిముద్ర మాత్రమే మనదై, తీర్చిన అప్పే మళ్లీ తీర్చిన తరాలు మనవి. చేతికి చెయ్యి తగలకుండా చిల్లర పైనుంచి పడేసిన కొట్లూ గుర్తున్నాయి. ఇవాళ ఫోన్‌లో డబ్బు పంపినా ఇంటిపేరుతో సహా పేరు కనిపిస్తుంది. బిట్‌కాయిన్ చిరునామాలో ఉండేది అక్షరాలు, అంకెలే. అయితే మన దేశంలో ఎక్స్ఛేంజీలో కొనాలంటే పాన్, బ్యాంకు ఖాతా వంటి వివరాలన్నీ ఇవ్వాల్సిందే. పేరు లేని లోకంలోకి దారి పేరు చెప్పాకే తెరుచుకుంటుంది.

గుర్తు ఎవరిస్తారు?

రూపాయి గుర్తును 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దేవనాగరి 'ర', ఇంగ్లీషు 'ఆర్' కలిపి ఉదయకుమార్ గీసిన గుర్తు అది. బిట్‌కాయిన్ గుర్తును ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. 'బి' అక్షరానికి పైనా కిందా రెండేసి గీతలు పొడుచుకొచ్చిన ఆ గుర్తును వాడేవాళ్లే వ్యాప్తి చేశారు. 2017లో యూనికోడ్‌లో చేరింది.

పొట్టి పేరుదీ ఇదే కథ. అంతర్జాతీయ కోడ్‌లలో మొదటి రెండక్షరాలు సాధారణంగా దేశానివి. ఐఎన్ఆర్‌లో 'ఐఎన్' ఇండియా. బీటీసీ అంటే 'బీటీ' భూటాన్‌ది అవుతుంది. అందుకే కొందరు బంగారానికి 'ఎక్స్ఏయూ' ఉన్నట్టు, ఏ దేశానికీ చెందని 'ఎక్స్‌'తో 'ఎక్స్‌బీటీ' అని రాస్తారు. గుర్తూ కోడూ ఉన్నంత మాత్రాన వెనక ప్రభుత్వ హామీ ఉన్నట్టు కాదు.

ముక్కల్లోనే మోసం

మన పెద్దలు రూపాయిని 16 అణాలుగా లెక్కపెట్టేవారు. 1957 ఏప్రిల్ 1 నుంచి 100 నయాపైసలైంది. ముక్కలు పెరిగాయి కానీ రూపాయి విలువ పెరగలేదు.

ఒక బిట్‌కాయిన్‌ను 10 కోట్ల ముక్కలు చేయొచ్చు. ఆ చిన్న ముక్క పేరు సతోషీ. ఈథర్‌లో అతిచిన్న ముక్క 'వెయ్'. ఇది వెయ్ డై అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడి పేరు. అంటే ఎవరూ మొత్తం కాయిన్ కొనక్కర్లేదు. ఇది తెలియనివారికే "బిట్‌కాయిన్ లక్షల్లో ఉంది, ఇది పైసల్లో ఉంది" అని అనామక కాయిన్ అంటగడతారు.

లెక్క వేద్దాం. అర్ధరూపాయి కాయిన్లు లక్ష కోట్లు ఉన్నాయనుకోండి. మొత్తం విలువ 50 వేల కోట్లు. ఒక్కోటి వంద రూపాయలు కావాలంటే మొత్తం 100 లక్షల కోట్లు కావాలి. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తమే సుమారు 50 లక్షల కోట్లు. ధర అడిగేముందు "మొత్తం ఎన్ని ఉన్నాయి?" అని అడగాలి.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

బాబాసాహెబ్ 1923లో లండన్‌లో ప్రచురించిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ'లో ప్రభుత్వం ఇష్టమొచ్చినంత రూపాయిలు విడుదల చేయడాన్ని తప్పుబట్టారు. విడుదలకు పరిమితి ఉండాలన్నారు. హిల్టన్ యంగ్ కమిషన్ ముందూ సాక్ష్యం చెప్పారు. బిట్‌కాయిన్లు కూడా 2 కోట్ల 10 లక్షలకు మించవు కాబట్టి ఆయన ఆలోచన ఇదేనని ఎవరైనా అనొచ్చు.

కానీ ఆయన దృష్టిలో పరిమితి ఒక సాధనం. రూపాయికి బజారులో వచ్చే సరుకు నిలకడగా ఉండటమే లక్ష్యం. డబ్బు విలువ పడిపోతే లాభం వ్యాపారికి, నష్టం కూలివాడికి అని ఆయన చూశారు. బిట్‌కాయిన్ 2021 నవంబర్‌లో సుమారు 69 వేల డాలర్లు, ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గర ఉంది. అలాంటి దానిలో నెల కూలి ఇస్తే నెలాఖరుకు బియ్యం ఎన్ని కిలోలు వస్తాయో ఎవరు చెప్పగలరు?

రేపటి వాడకం

2021లో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ డబ్బుగా చేసిన ఎల్ సాల్వడార్, 2025లో దాన్ని తీసుకోవడం తప్పనిసరి కాదని చట్టం మార్చుకుంది. మన దేశంలో 2018 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒక దానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తీసివేయడానికి వీల్లేదు. పన్ను వేసినంత మాత్రాన అది చట్టబద్ధ డబ్బు కాలేదు. 2022 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ప్రజల వాడకానికి ప్రయోగాత్మకంగా తెచ్చిన ఈ-రూపాయి వేరు. అది మన రూపాయికే డిజిటల్ రూపం.

ఎవరైనా కాయిన్ కొనమంటే నాలుగు ప్రశ్నలు అడగండి. మొత్తం ఎన్ని? ఎవరు విడుదల చేశారు? ఇవాళ అమ్మితే డబ్బు నా బ్యాంకు ఖాతాలోకి వస్తుందా? మరొకరిని చేర్పిస్తేనే లాభమా? చివరిదానికి జవాబు అవునైతే అది పాత గొలుసు స్కీమే. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి వెళ్లిన డబ్బును వెనక్కి తెచ్చే బ్యాంకు మేనేజర్ ఉండడు. పుస్తకం అందరికీ తెరిచే ఉంది. దాన్ని చదవడం నేర్చుకోకపోతే మళ్లీ వేలిముద్ర వేసినట్టే.