చిట్టా మూసే వేళ: జర్నల్ ఫైల్ సిస్టంలో తప్పులు, జాగ్రత్తలు

వ్యాపారంలో లెక్క వ్రాయడం ఎంత ముఖ్యమో, దినాంతాన ఆ లెక్కను సరిగా మూయడం కూడా అంత ముఖ్యం. మన ప్రాంతపు వర్తకులు పూర్వం నుండి రెండు విధాలైన పుస్తకాలు ఉంచుకొనేవారు. జరిగిన బేరాన్ని జరిగిన వరుసలోనే వెంటవెంటనే వ్రాసుకొనే పుస్తకం చిట్టా. ఆ పద్దులను తరువాత సావకాశంగా ఎవరి ఖాతాలోకి వారికి ఎక్కించే పుస్తకం ఆవర్జా. చిట్టావంటి పుస్తకాన్ని ఉర్దూలో రోజ్‌నామ్‌చా అంటారు. ఆవర్జా అనే మాట ఫారసీ నుండి వచ్చి తెలుగు లెక్కలలో స్థిరపడినది. భాషా బోధకులమైన మేము కంప్యూటరు విషయం ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని నేటి కంప్యూటరు డిస్కుమీది సమాచారాన్ని కాపాడుకొనే పద్ధతికి ఈ రెండు పుస్తకాల పద్ధతితో దగ్గరి పోలిక ఉన్నది. దానిని, ముఖ్యంగా యంత్రాన్ని ఆపే వేళ తప్పు ఎదురైతే అనుసరించవలసిన మార్గాన్ని, ఇక్కడ వివరించదలచినాము.

ఫైల్ సిస్టం అంటే డిస్కుమీద ఏ సమాచారం ఎక్కడ ఉన్నదో తెలిపే ఏర్పాటు. మనం ఒక చిన్న ఫైలును సృష్టించినప్పుడు పైకి ఒకే పని జరిగినట్లు కనిపిస్తుంది. లోపల మాత్రం పలుచోట్ల వ్రాత జరగాలి. డైరెక్టరీలో ఫైలు పేరు చేరాలి. ఆ ఫైలు పరిమాణం, యజమాని, తేదీ మొదలైన వివరాలుండే ఐనోడ్ నిండాలి. డిస్కులో ఏ గదులు ఖాళీగా ఉన్నవో, ఏవి నిండినవో చూపే పట్టిక మారాలి. ఇవన్నీ ఒకే క్షణంలో జరిగే పనులు కావు. కొన్ని వ్రాసి, తక్కినవి వ్రాయబోయేంతలో కరెంటు పోతే, నిండిన గది పట్టికలో ఖాళీగానే మిగిలిపోవచ్చు. మరునాడు ఆ గదిలోనే మరొక ఫైలు వచ్చి చేరితే మొదటి ఫైలులోని సమాచారం నశిస్తుంది. వెనుకటి పద్ధతిలో ఇటువంటి పొరపాట్లను పట్టుకోవడానికి డిస్కునంతటినీ ఆమూలాగ్రం పరీక్షించవలసి వచ్చేది. డిస్కులు పెద్దవైన కొద్దీ ఆ పరీక్షకు గంటల కాలం పట్టేది.

ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చినదే జర్నల్. డిస్కులో కొంత భాగాన్ని చిట్టాగా కేటాయిస్తారు. చేయబోయే మార్పులన్నిటినీ ఒక లావాదేవీగా కూర్చి, ముందుగా ఆ చిట్టాలో వ్రాస్తారు. చివర ‘ఈ లావాదేవీ పూర్తి’ అని తెలిపే ముద్ర పడుతుంది. దాని పేరు కమిట్ బ్లాక్. ఆ తరువాతనే మార్పులు వాటి వాటి స్వస్థానాలకు, అనగా ఆవర్జాకు, ఎక్కుతాయి. ఇలా ఎక్కించడాన్ని చెక్‌పాయింట్ అంటారు. మధ్యలో కరెంటు పోయినా యంత్రం తిరిగి లేచినప్పుడు చిట్టాను చదివి, ముద్ర పడిన లావాదేవీలను మళ్ళీ ఎక్కిస్తుంది. ముద్ర పడనివాటిని వదలివేస్తుంది. ఐ.బి.ఎం. వారి ఎ.ఐ.ఎక్స్. వ్యవస్థలో 1990 నాటికే ఈ పద్ధతి ఉన్నది. లినక్సులోని ఇ.ఎక్స్.టి.2 ఫైల్ సిస్టంకు జర్నల్‌ను జోడించే విధానాన్ని స్టీఫెన్ ట్వీడీ 1998లో వివరించారు. అది ఇ.ఎక్స్.టి.3 అనే పేరుతో 2001 నవంబరులో లినక్సు మూలంలో చేరినది. దాని తరువాతి రూపమైన ఇ.ఎక్స్.టి.4 2008లో స్థిరపడినది.

ఇక ఆపే వేళ జరిగే పనులను చూద్దాము. డిస్కును వాడుక నుండి తొలగించే పనిని అన్‌మౌంట్ అంటారు. ఇందులో అయిదు మెట్లున్నవి. మొదట, కొత్త వ్రాతలను ఆపాలి. రెండవది, సగంలో ఉన్న లావాదేవీని పూర్తిచేసి చిట్టాలో ముద్ర వేయాలి. మూడవది, చిట్టాలో మిగిలిన పద్దులన్నిటినీ స్వస్థానాలకు ఎక్కించి, అవి నిజంగా డిస్కుకు చేరినవని నిశ్చయించుకోవాలి. నాల్గవది, చిట్టా ఖాళీ అయినదని వ్రాయాలి. అయిదవది, సూపర్ బ్లాక్ అనే ముఖ్యమైన పుటలో ఉన్న ‘చిట్టాను చూడవలసి ఉన్నది’ అనే గుర్తును చెరపాలి. డిస్కును వాడుకలోకి తీసుకొన్నప్పుడే ఈ గుర్తు పెట్టి ఉంటారు. దానిని చెరపడమంటే, అంతా సక్రమంగా ముగిసినదని ధ్రువపత్రం వ్రాసి ఇవ్వడమే. మరునాడు లేచిన యంత్రం ఆ ధ్రువపత్రాన్ని నమ్మి చిట్టా జోలికి పోదు.

ఈ మెట్లలో ఏదైనా విఫలమైతే ఏమి చేయాలి? డిస్కు చెడిపోవచ్చు. తీగ ఊడిపోవచ్చు. అప్పుడు పాటించవలసిన ప్రధాన సూత్రం ఒకటే: నిజం కాని ధ్రువపత్రం వ్రాయరాదు.

మొదట, చిట్టాలోనే వ్రాయలేకపోయిన సందర్భాన్ని తీసుకొందాము. అప్పుడు ఇ.ఎక్స్.టి.4 తన జర్నల్‌ను రద్దయిన స్థితికి తెస్తుంది. అటు తరువాత కొత్త మార్పులను అంగీకరించదు. డిస్కును చదవడానికే పరిమితం చేస్తుంది. వీలైతే ఆ తప్పు సంఖ్యను జర్నల్ మొదటి పుటలో నమోదు చేస్తుంది. మరునాడు యంత్రం దానిని చూచి, డిస్కుకు పూర్తి పరీక్ష అవసరమని గుర్తు పెడుతుంది. ఆ నమోదు కూడా సాధ్యం కానంతగా డిస్కు మొరాయిస్తే? అప్పుడు కూడా నష్టం లేదు. ‘చిట్టాను చూడవలసి ఉన్నది’ అనే పాత గుర్తు చెరగకుండా అట్లాగే ఉన్నది కదా! ఈ ఏర్పాటులోని వివేకం ఇదే. ఏమీ వ్రాయలేని స్థితిలో డిస్కుమీద మిగిలే మాట జాగ్రత్తను కోరే మాటగానే ఉంటుంది.

రెండవ సందర్భం మరింత సూక్ష్మమైనది. చిట్టాలో పద్దు సరిగానే ఉన్నది. ఆవర్జాకు ఎక్కించేటప్పుడు వ్రాత విఫలమైనది. ఆ క్షణంలో సరియైన ప్రతి చిట్టాలో మాత్రమే ఉన్నది. ఎక్కినదో లేదో చూడకుండా చిట్టాను ఖాళీ చేస్తే, ఆ సమాచారం రెండుచోట్లా లేకుండా పోతుంది. ఇది ఊహించి చెప్పుతున్న ప్రమాదం కాదు. ఇ.ఎక్స్.టి.3 జర్నల్ కార్యక్రమంలో చెక్‌పాయింట్ వ్రాత ఫలితాన్ని గమనించకుండానే ముందుకు సాగే లోపం ఉండేది. 2008లో దానిని సవరించారు. సవరణ తరువాత, విఫలమైన పద్దులను చిట్టాలోనే ఉంచి జర్నల్‌ను రద్దు చేస్తారు. ఇ.ఎక్స్.టి.4 కూడా జర్నల్ రద్దయి ఉంటే అన్‌మౌంట్ వేళ ఆ గుర్తును చెరపదు. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ రూపొందించిన ఎక్స్.ఎఫ్.ఎస్.లోనూ ఇదే నియమం. సక్రమంగా ముగిసినప్పుడు మాత్రమే చిట్టా చివర ముగింపు పద్దు పడుతుంది. తప్పువల్ల ఆగినప్పుడు ఆ పద్దు వ్రాయరు.

తప్పు ఎదురైనదని పనిని సగంలో వదలివేయడం కూడా దోషమే. యంత్రం తీసుకొన్న జ్ఞాపకశక్తిని తిరిగి అప్పగించాలి. జర్నల్ కోసం పనిచేస్తున్న అంతర్గత కార్యక్రమాన్ని ఆపాలి. డిస్కును విడుదల చేయాలి. మొదట ఎదురైన తప్పును మరువకుండా నిలుపుకోవాలి, ఏలననగా తరువాతి తప్పులు తరచు దాని ఫలితాలే. ఈ విధంగా ఆపే కార్యక్రమానికి రెండు బాధ్యతలున్నవి. ఇల్లు సర్దే బాధ్యత ఏ స్థితిలోనైనా నెరవేర్చాలి. అంతా సవ్యమని ప్రకటించే అధికారం మాత్రం అన్ని మెట్లూ దాటినప్పుడే లభిస్తుంది.

విఫలమైన వ్రాతను మరొకసారి ప్రయత్నిస్తే సరిపోదా అని విద్యార్థులు అడగవచ్చు. ఇందుకు పోస్ట్‌గ్రెస్ అనే సమాచార నిధి ఉదంతం సమాధానం చెప్పుతుంది. దానికి కూడా ఒక చిట్టా ఉన్నది. డిస్కుకు అంతా చేరినదా అని అది లినక్సును అడిగినప్పుడు ఒకసారి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా, రెండవసారి అడిగితే ‘చేరినది’ అన్న జవాబు రావచ్చునని 2018లో బయటపడినది. విఫలమైన పుటలను లినక్సు వ్రాయవలసిన జాబితా నుండి తొలగించి ఉండడమే ఇందుకు కారణం. రెండవ జవాబును నమ్మి చిట్టాలోని పాత భాగాన్ని వదలుకొంటే సమాచారం పోయినట్లే. 2019 ఫిబ్రవరిలో వెలువడిన సవరణలలో, అటువంటి తప్పు రాగానే పోస్ట్‌గ్రెస్ తన పనిని ఆపివేసి, చిట్టా నుండి తిరిగి ప్రారంభించే ఏర్పాటు చేశారు.

మరొక విషయం గమనార్హం. ఇ.ఎక్స్.టి.4లో అన్‌మౌంట్ వేళ జర్నల్ విఫలమైనా, ఆ ఆజ్ఞ ఇచ్చిన మనిషికి ‘తప్పు జరిగినది’ అన్న జవాబు రాకపోవచ్చు. ఆ సంగతి యంత్రపు సందేశాల పట్టికలో మాత్రమే ఉంటుంది. కనుక తెర చల్లారినదని తృప్తి పడక, అనుమానం కలిగినప్పుడు ఆ పట్టికను చదవడం నిర్వాహకుల విధి.

నేడు కళాశాలలలో ప్రవేశాల వివరాలు, మార్కులు, ఉపకారవేతనాల జాబితాలు కంప్యూటర్లలోనే ఉంటున్నవి. ఒక పేద విద్యార్థి పేరు జాబితా నుండి జారిపోతే అతని చదువే ఆగిపోవచ్చు. కనుక కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తున్నాము. యంత్రాన్ని స్విచ్చి నొక్కి ఆపక, షట్‌డౌన్ పూర్తి అయ్యేవరకు ఓపిక పట్టాలి. పెన్ డ్రైవులలో తరచుగా ఉండే ఫ్యాట్ పద్ధతికి చిట్టాయే లేదు. వాటిని తీసే ముందు తొలగింపు ఆజ్ఞ తప్పక ఇవ్వాలి. డిస్కు తప్పు చూపితే, మరమ్మతుకు ముందే దాని నకలు తీయాలి. త్వరగా తెరుచుకొంటుందన్న ఆశతో చిట్టాను తుడిచివేసే ఆజ్ఞలు ఇవ్వరాదు. సరియైన ప్రతి అందులోనే ఉండవచ్చు. చిట్టా ఎంత చక్కగా ఉన్నా చెడిపోయిన డిస్కును అది బ్రతికించలేదు. కాబట్టి మరొక చోట ప్రతి ఉంచడం, కరెంటు పోయినా కొంతసేపు నడిపే యు.పి.ఎస్. అమర్చడం కళాశాల కమిటీ వారు పరిశీలించవలసిన ఖర్చులు.

విద్యార్థులలో రేపు ఇటువంటి కార్యక్రమాలను వ్రాయబోయేవారు ఉండవచ్చు. తాము వ్రాసిన ప్రతి మెట్టు దగ్గరా ‘ఇది విఫలమైతే డిస్కుమీద ఏ మాట మిగులుతుంది?’ అని ప్రశ్నించుకొనే అలవాటు వారు ఇప్పటి నుండే చేసుకోవాలని మా కోరిక.