గుండె పై గదులలో పుట్టే అల

బాలలారా! బడిగంట బంట్రోతు కొడితేనే మోగుతుంది. గోడగడియారం కీ ఇస్తేనే నడుస్తుంది. మరి మీ గుండెను పగలూ రాత్రీ కొట్టుకొమ్మని చెప్పేది ఎవరు? మెదడు అనుకుంటారేమో, కాదు. మెదడు ఆ వేగాన్ని పెంచగలదు, తగ్గించగలదు, అంతే. కొట్టుకొమ్మనే ఆజ్ఞ గుండెలోనే పుడుతుంది. కప్ప గుండెను శరీరం నుంచి వేరుచేసి, తగిన ఉప్పునీటిలో ఉంచినా అది కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది!

గుండెలో నాలుగు గదులు ఉన్నవి. పై రెండు గదులను కర్ణికలనీ, కింది రెండు గదులను జఠరికలనీ అంటారు. పై గదులు రక్తాన్ని కింది గదులలోకి దించుతాయి. కింది గదులు దానిని ఊపిరితిత్తులకూ, ఒళ్ళంతటికీ పంపుతాయి. కనుక ముందు పై గదులు ముడుచుకోవాలి, ఆ తరువాతనే కింది గదులు. ఈ వరస తప్పకుండా ఎట్లా జరుగుతున్నది?

హైదరాబాదుకు ఉత్తరాన సూరారంలో లింగం చెరువు అని ఒక చెరువు ఉన్నది. అటువంటి చెరువును ఒకదానిని మనసులో ఊహించుకోండి. ఒక మూల రాయి వేస్తే అల పుట్టి నలువైపులా పాకుతుంది. అల కట్టను దాటలేదు. దిగువకు పోవాలంటే తూము ఒక్కటే దారి. మన గుండెలోనూ ఇంచుమించు ఇట్లాగే జరుగుతుంది.

రాయి పడే చోటు కుడి కర్ణిక పైభాగంలో ఉన్నది. తల నుంచీ చేతుల నుంచీ రక్తాన్ని తెచ్చే పెద్ద సిర అక్కడే వచ్చి కలుస్తుంది. ఆ చోట ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు గల చిన్న కణుపు ఉన్నది. దానిని లయారంభకం అంటారు. పెద్దవాళ్ళలో అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. చిన్నపిల్లలలో ఇంకా ఎక్కువసార్లు.

విద్యుత్తు అనగానే ఇంట్లో తీగల వెంట పారే కరెంటు గుర్తుకు వస్తుంది. ఇది వేరు. గుండె కండరంలోని ప్రతి కణానికీ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకోగానే విద్యుదావేశం గల సోడియం రేణువులు లోపలికి జొరబడతాయి. సోడియం అంటే మనం కూరలో వేసే ఉప్పులో ఉన్నదే! దానితో కణం మేలుకుంటుంది. పక్క కణాన్ని తట్టి లేపుతుంది. అది మరొకదానిని లేపుతుంది. ఒకసారి మేలుకున్న కణం క్షణకాలం మళ్ళీ లేవదు. అందుచేతనే అల వెనుదిరగకుండా ముందుకే సాగుతుంది.

ఎడమ కర్ణికకు పోవడానికి ఒక దగ్గరిదారి ఉన్నది. అది రెండు గదులనూ కలిపే కండరపు పట్టీ. 1916లో బాక్మన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వివరించాడు కనుక ఆయన పేరే పెట్టారు. అల రెండు గదులనూ చుట్టిరావడానికి సెకనులో సుమారు పదోవంతు చాలు. ఈ.సి.జి. కాగితం మీద మొదట కనబడే చిన్న మిట్ట ఈ అల గుర్తే.

పై గదులకూ కింది గదులకూ నడుమ ఉన్న నారపొరే కట్ట. అల దానిని దాటలేదు. కర్ణికా-జఠరికా కణుపు అనేది తూము. ఇక్కడ అల బాగా నెమ్మదించి, మరో పదోవంతు సెకను ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యం లోపం కాదు సుమా! పై గదులలోని రక్తం కిందికి దిగడానికి వ్యవధి దొరికేది దీనివల్లనే.

ఈ తూమును 1906లో సునావో తవారా అనే జపాను వైద్యుడు జర్మనీలో పనిచేస్తూ వర్ణించాడు. లయారంభకాన్ని కనిపెట్టినది ఇంగ్లండులో మార్టిన్ ఫ్లాక్ అనే వైద్యవిద్యార్థి. నేలలో బొరియలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండెను సూక్ష్మదర్శినిలో చూస్తూండగా అది అతని కంటబడింది. గురువు ఆర్థర్ కీత్‌తో కలిసి 1907లో ఆ సంగతి ప్రకటించాడు.

చెరువులో ఒక్క రాయికి బదులు వడగండ్లవాన కురిస్తే? కొందరి కర్ణికలలో అట్లాగే నిమిషానికి 350కి మించి అలలు చెలరేగుతాయి. పై గదులు ముడుచుకోలేక వణుకుతాయి. తూము కొన్నిటినే పోనిస్తుంది కనుక ప్రాణం నిలుస్తుంది గాని, నాడి వరస తప్పుతుంది. పై గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. తాతగారి నాడి ఎగుడుదిగుడుగా కొట్టుకుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు ఉన్నవి.

ఇది ముసలివాళ్ళ జబ్బేనని ఊరుకోకండి. ఒక్కొక్కప్పుడు దీని మూలం చిన్నతనంలోనే పడుతుంది. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు ఒక రకం సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వచ్చి, దానికి సరైన మందు పడకపోతే, కొందరికి కీళ్ళవాత జ్వరం పట్టుకుంటుంది. అది ఎడమవైపు గదుల నడుమ ఉన్న కవాటాన్ని చెడగొడుతుంది. కవాటం ఇరుకైతే రక్తం నిలిచిపోయి ఎడమ కర్ణిక ఉబ్బుతుంది. అల దారి తప్పుతుంది.

కనుక జ్వరంతో గొంతునొప్పి వస్తే అమ్మకూ నాన్నకూ దాచకుండా చెప్పండి. తల్లిదండ్రులారా! డాక్టరు పెన్సిలిన్ వంటి మందు ఇస్తే, నొప్పి తగ్గిందని నడుమ మానకండి. చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడించండి.