కువైట్‌లో పట్టుబడిన మనిషికి ఇక్కణ్నుంచి ఏం చెయ్యగలం?

రాజోలు, మలికిపురం, అమలాపురం, గోదావరికి అవతల నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. వాళ్లలో ఒకరు పోలీసులకు దొరికారని ఫోన్ రాగానే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "బెయిలుకి ఎంతవుద్దండీ?" అని. ఎవరో ఒక ఏజెంటు ఒక అంకె చెబుతాడు. ఉన్న కాస్త బంగారం తాకట్టుకు పోతుంది. దయచేసి ఆ డబ్బు కట్టకండి. అకామా, అంటే నివాస అనుమతి, లేదని పట్టుకున్న మనిషికి బెయిలు ఇచ్చే పద్ధతి అక్కడ లేదు.

ఎందుకు లేదంటే, ఇంటిపనివాళ్లకు ఇచ్చేది 20వ నంబరు వీసా. మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. అది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పేరుతో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వలేదనో, కొడుతున్నారనో ఆ ఇల్లు వదిలి వచ్చేస్తే, కఫీల్ వెళ్లి 'పారిపోయింది' అని ఫిర్యాదు ఇస్తాడు. దాంతో అకామా చెల్లదు. అప్పటినుంచి ఆమె కల్లివెల్లి, అంటే అకామా లేకుండా ఉంటున్న మనిషి. తనిఖీలో దొరికితే డిపోర్టేషన్ కేంద్రంలో పెడతారు. పంపించెయ్యాలన్న ఉత్తర్వు అక్కడి హోంశాఖే ఇస్తుంది, కోర్టు కాదు. జడ్జి ముందుకే వెళ్లని మనిషి బెయిలు ఎవర్ని అడుగుతుంది?

కాబట్టి ఆమె బయటపడే దారి విమానం ఎక్కడమే. దానికి అడ్డుపడేవి రెండు. ఒకటి పాస్‌పోర్టు. అది సాధారణంగా కఫీల్ దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు భారత రాయబార కార్యాలయం ఔట్‌పాసు, అంటే పాస్‌పోర్టు బదులు ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం, ఇవ్వాలి. ఇవ్వాలంటే ఈమె మన దేశస్థురాలేనని తేలాలి. పాస్‌పోర్టు నకలు, ఆధార్, ఫొటో, వీసా కాగితం ఇంట్లోవాళ్లు ఎంత త్వరగా పంపితే పని అంత త్వరగా తెములుతుంది. ఏజెంటు వయసు పెంచి తీయించిన పాస్‌పోర్టయితే ఆధార్‌తో పుట్టినతేదీ కలవదు. ఆ సంగతి దాచకుండా ముందే చెప్పడం మంచిది. దాస్తే రోజులు గడుస్తాయి, లోపల ఉన్నది మన మనిషి.

రెండోది దొంగతనం కేసు. కఫీల్ అలాంటి కేసు పెట్టి ఉంటే అది తేలేదాకా ప్రయాణం ఆగిపోతుంది. వకీలు తప్పనిసరిగా కావలసింది ఇక్కడే. నిర్బంధంలో ఉన్న విదేశీయులు తమ రాయబార కార్యాలయంతో మాట్లాడవచ్చని 1963 వియన్నా ఒప్పందం చెబుతోంది. 2009లో పెట్టిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి పేదవాళ్లకు వకీలు ఖర్చు, చిన్న జరిమానాలు, విమానం టికెట్టు ఇవ్వవచ్చు. అయితే అడగాలి. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరుతో కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలి.

అర్జీ రాయడం రాదా? రాజమహేంద్రవరం జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, పశ్చిమ గోదావరి వైపు వారికి ఏలూరులో. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి. అర్జీలు కదలకపోతే హైకోర్టులో రిట్ వెయ్యవచ్చు. హైకోర్టు కువైట్ తలుపులు తీయించలేదు, కానీ మన విదేశాంగ శాఖను కదిలించగలదు.

బెయిలు విషయంలో అమెరికాలో సంగతి వేరు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ పేరుతో అక్కడి అధికారులే నడిపిన బూటకపు యూనివర్సిటీలో చేరినందుకు 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు. చాలామంది తెలుగు పిల్లలే. అక్కడ ఇమిగ్రేషన్ జడ్జి ఉంటాడు, బాండు, అంటే బెయిలు, అడగవచ్చు, కానీ వకీలు ఖర్చు ప్రభుత్వం పెట్టదు. అందుకే తెలుగు సంఘాలు వకీళ్లను చూశాయి. 2025 సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు, దొంగదారిన సరిహద్దు దాటినవారికి ఈ జడ్జీలు బాండు ఇవ్వలేరంది. అప్పటినుంచి వకీళ్లు, నిర్బంధం చట్టబద్ధమేనా అని తేల్చమనే హెబియస్ కార్పస్ పిటిషన్లతో ఫెడరల్ కోర్టుల తలుపు తడుతున్నారు. గల్ఫ్‌లో చిక్కుకున్న మన ఆడవాళ్లకు ఆ మాత్రం దారి కూడా లేకపోవడం నన్ను బాధిస్తుంది.

పట్టుబడకముందే తెలియాల్సింది ఇంకోటి ఉంది. 2018, 2020, 2024లో అకామా లేనివారికి కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. ఆ గడువులో దేశం విడిచి వెళ్లినవారికి జరిమానా లేదు. డిపోర్టేషన్‌లో వేలిముద్రలు తీసి పంపితే మాత్రం మళ్లీ ఆ దేశంలోకి రానివ్వరు.

ఆమె ఇల్లు చేరాక ఏజెంటును వదిలెయ్యకండి. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం నేరం, రెండేళ్ల దాకా జైలు. రిజిస్ట్రేషన్ ఉన్నవాడైనా రూ. 30 వేలు, దాని మీద పన్ను తప్ప ఎక్కువ తీసుకోకూడదు. వాడికి డబ్బు పంపిన ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటలు చెరిపెయ్యకుండా ఉంచి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి.