ఫురోషికి - జపానువారి మూటగుడ్డ కథ

సెలవులయ్యాక హాస్టలుకు వచ్చేటప్పుడు బట్టలు మూటగట్టి తెచ్చుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పెట్టె లేదని ఆ మూటను వెనక దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. జపాను దేశంలో అలాంటి మూటగుడ్డకు పన్నెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. దాని పేరు ఫురోషికి.

నారా నగరం జపానుకు రాజధానిగా ఉన్న కాలంలో (710-784) ఈ గుడ్డను 'త్సుత్సుమి' అనేవారు. 'చుట్టేది' అని దాని అర్థం. షోము చక్రవర్తి 756లో మరణించాక ఆయన భార్య కోమ్యో ఆయన వస్తువులను తోదాయిజి బౌద్ధాలయానికి సమర్పించింది. ఆ ఆలయ నిధులను దాచిన షోసోయిన్ అనే కొయ్య భాండాగారంలో ఆనాటి చుట్టుగుడ్డలు కూడా భద్రంగా నిలిచాయి. తర్వాత హెయాన్ యుగంలో బట్టలు చుట్టే గుడ్డకు 'కోరొమొజుత్సుమి' అనే పేరు వచ్చింది. 'కోరొమొ' అంటే దుస్తులు.

మరి ఫురోషికి అనే పేరెలా వచ్చింది? 'ఫురో' అంటే స్నానం, 'షికి' అంటే పరిచేది. 14వ శతాబ్ది చివర పాలించిన షోగన్ అషికగ యొషిమిత్సు క్యోటోలో పెద్ద స్నానశాల కట్టించాడనీ, అక్కడికి వచ్చిన ప్రభువులు తమ బట్టలు తారుమారు కాకుండా వంశచిహ్నం ఉన్న గుడ్డల్లో కట్టుకునేవారనీ చెబుతారు. స్నానమయ్యాక ఆ గుడ్డనే పరచి, దానిమీద నిలబడి బట్టలు వేసుకునేవారట. 1616లో మరణించిన తొకుగవ ఇయెయాసు ఆస్తుల జాబితాలో ఫురోషికి అన్న మాట కనిపిస్తుంది.

ఎదో యుగంలో (1603-1868) ఊరూరా స్నానశాలలు పెరిగాయి. ప్రభువుల గుడ్డ సామాన్యుల చేతికి వచ్చింది. వ్యాపారులు దానిపై దుకాణం గుర్తు అద్దించి సరుకు మోశారు. అదే మోతా, అదే ప్రచారమూ! కొయ్య ఇళ్ళు కావడంతో ఎదో నగరంలో అగ్నిప్రమాదాలు ఎక్కువ. అందుకని కొందరు పడకకింద పెద్ద ఫురోషికి పరచుకుని పడుకునేవారు. మంటలు లేస్తే పక్కబట్టలూ సామానూ అందులోనే మూటగట్టి పరుగెత్తేవారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చి ఫురోషికి వాడకం తగ్గింది. 2006లో అప్పటి పర్యావరణ మంత్రి యురికో కోయికె, వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన నూలుతో ఫురోషికి చేయించి, దాన్ని మళ్ళీ వాడమని ప్రచారం చేశారు.

చక్రవర్తి నిధినీ, కూలివాని బట్టలనూ మోసింది ఇలాంటి గుడ్డే. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి మూటతో హాస్టలు గేటు దాటేటప్పుడు తల వంచుకోకండి.